మూడు కొర్రమట్టలు, ఒక సాక్షి

ఆడది వల ముడితే కుంట ఎండుతుందట! మా చేపల సంఘం అధ్యక్షుడు చంద్రయ్య బావ ఈ మాట అన్నప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేపల గంప నెత్తిన పెట్టుకొని తొర్రూరు అంగడికి పోయేది ఆడది. చేప తోమేది, కోసేది, పులుసు పెట్టేది ఆడది. అప్పుడెప్పుడూ ఎండని కుంట నేను వల ముట్టగానే ఎండుతుందా?

నా పెనిమిటి యుగేందర్ పోయినేడు జ్వరంతో చనిపోయాడు. సంఘంలో అతని సభ్యత్వం నాకు రావాలి. అది ఉంటేనే పెద్దవంగర దగ్గరి మా నల్లకుంటలో చేప పట్టుకునే హక్కు ఉంటుంది. లేకపోతే ఎవరిదో మిరపచేలో కూలికి పోవాల్సిందే. చంద్రయ్య యుగేందర్‌కు సొంత అన్న. అయినా ఇంత కనికరం లేదు.

"చేపలు పట్టుడు వచ్చినోళ్లకే సభ్యత్వం. వల ఇసిరి సూపెట్టాలె. ఆడోళ్లు వల ముట్టొద్దాయె. ఇగ నువ్వే జెప్పు ఉమారాణీ, ఎట్లియ్యాలె?" అన్నాడు.

అందరూ తలలూపారు. ఏం న్యాయమమ్మా!

ఇంటికి వచ్చి చెప్తే మా అత్త సోమక్క మండిపడింది. "కడుపుల పుట్టినోడే గని ఆనికి సిగ్గులేదు. నువ్వు ఊకోకు బిడ్డా" అంది. ఊకునేదాన్నైతే ఈ కథ ఎందుకు చెప్తాను?

వల ముట్టొద్దన్నారు. గాలం ముట్టొద్దని ఎవరూ అనలేదు కదా. మా తల్లిగారి ఊరు గార్ల. మా బాపు కొర్రమట్టకు గాలం వేసేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. కొర్రమట్ట తిండి వెతుక్కుంటూ తిరగదు. తుంగలో బురద రంగు ఒంటితో కదలకుండా పడి ఉంటుంది. ఊపిరి కోసం మాత్రం పైకొచ్చి ఒక్క గుటక గాలి మింగి పోతుంది. గాలానికి గుచ్చిన కప్ప నీళ్లలో కాలు విదిలిస్తే చాలు, ఆ వణుకు దాని పక్కలకు తగులుతుంది. మెల్లగా అటు తిరుగుతుంది. దగ్గరికొచ్చాక నోరు ఒక్కసారి తెరిచిందంటే నీళ్లతో పాటే కప్ప లోపలికి పోతుంది. దాని పళ్ల నుంచి జారడం కష్టం. అడ్డంగా కరిచినా నోట్లోనే తిప్పుకొని తల వైపు నుంచి మింగుతుంది. ఆ తిప్పుకునేటప్పుడు గుంజితే ఉత్త కొక్కెమే వస్తుంది. మింగేదాకా ఆగాలి. నాకు కోపం ఎక్కువే, కానీ గాలం దగ్గర మాత్రం ఓపిక ఉంది.

సంఘం తర్వాతి మీటింగు రోజునే, పట్టపగలు, అందరూ చూసేలా నల్లకుంట కట్ట దిగాను. ఒకచోట ఎర్రటి సన్న కొర్రమట్ట పిల్లలు గుంపుగా తేలుతున్నాయి. వాటి కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆకలి లేకపోయినా కోపంతోనే గాలం మీద పడుతుంది. దాన్ని పట్టడం చాలా సులువు. కానీ అది పోతే ఆ పిల్లలను మిగతా చేపలు ఒక్క పూటలో ఊడ్చేస్తాయి. నాకు మనసు రాలేదు, ఎడంగా జరిగాను.

అయినా మూడు పడ్డాయి, ఒక్కొక్కటి నా ముంజేయంత. కట్ట మీద నుంచి బావ చూస్తున్నాడని నాకు తెలుసు. మూడోది సంచిలో పడగానే ఉరికొచ్చి సంచి గుంజుకున్నాడు.

"దొంగతనం! నడువు మీటింగుకు!"

నడిచాను. అబద్ధమెందుకు, కేసు పెడతాడేమోనని భయపడ్డాను. కేసంటే ఎవరికి భయం ఉండదు?

మీటింగుకు చేపల శాఖ నుంచి వెంకట్రాం సారు వచ్చి ఉన్నాడు. బావ ఆయన ముందే సంచి బోర్లించాడు. కొర్రమట్టలు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"సంఘం చేపలు సార్. గీమె దొంగిలించింది. కేసు వెట్టాలె."

"నేనే పట్టిన్నని ఎట్ల జెప్తవ్ బావా? ఎవలన్న పట్టిచ్చి ఉండొచ్చు గద" అన్నాను.

"నా కండ్లతోటి జూసిన!"

"ఏం జూసినవ్? నీళ్లల్ల గాలం ఏసుడు ఎవలకైన వస్తది."

"ఉత్తగ ఏసుడు గాదు సార్!" బావకు ఊపొచ్చింది. ఎంతైనా చేపలు పట్టేవాడు కదా, లేచి నిలబడి చేతులతో చూపించాడు. "కప్పను తుంగ పొంటి గిట్ల గిట్ల ఆడిచ్చింది. కొర్ర అందుకున్నంక గుంజలే, దారం ఒదిలింది. అది మింగేదాక ఆగి, గప్పుడు ఒక్కటే గుంజుడు! మా యుగేందర్‌కు గూడ గింత ఓపిక లేకుండె. గీడ కూసున్నోళ్లల్ల సగం మందికి రాదు గా పని!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పటికి గానీ తానేం అన్నాడో బావకు అర్థం కాలేదు.

"విన్నరా సార్?" అన్నాను. "చేపలు పట్టుడు వచ్చినోళ్లకే సభ్యత్వం అన్నడు. నాకొచ్చని ఆయనే సాక్ష్యం జెప్పిండు. నేను పట్టిన్నంటవా బావా, సభ్యత్వం ఇయ్యి. పట్టలేదంటవా, మరి దొంగతనం ఎక్కడిది?"

వెంకట్రాం సారు చిన్నగా నవ్వి, "చంద్రయ్యా, ఆమె పట్టంగ జూసినవా, లేదా? ఒక్క మాట చెప్పు" అన్నాడు.

బావ కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఒకసారి నన్ను, ఒకసారి చేపలను చూశాడు.

"దూరంకెల్లి... మంచిగ అవుపడలే సార్."

సంఘమంతా గొల్లున నవ్వింది. నేను వంగి మూడు కొర్రమట్టలనూ సంచిలో వేసుకున్నాను. ఎవరూ అడ్డం రాలేదు.

"అవుపడలేదా? మంచిగైంది" అన్నాను. "రేపు గూడ వస్త. రేపు గూడ నీకు గిట్లనే అవుపడొద్దు బావా."

సభ్యత్వం ఇంకా ఇవ్వలేదు. నేను మాత్రం రోజూ కుంటకు పోతున్నాను, పట్టపగలే.