మింగిన మాట

పొద్దున్నే పాలు పితకడం, వెన్న చిలకడం, ఏడుగురికీ మొక్కజొన్న రొట్టెలు కాల్చడం. ఇవన్నీ అయ్యాకే థర్జా హయట్ కాసేపు కూర్చునేది. ఈమధ్య అదీ మానేసింది. చలికాలంలో రెండు కుర్చీలు విరిగాయి మరి. మొగుడు ఈనస్ ఏమీ అనలేదు. వంటింటి చెక్కనేల కిందకి దూరి ఓ ఓక్ దుంగ దన్నుగా నిలబెట్టి, చేతులు దులుపుకుని వచ్చాడు.

మనిషి చూస్తే చీపురుపుల్ల. కానీ అమెరికాలో, అయోవాలోని ఆ క్వేకర్ క్రైస్తవుల ఊళ్లో, చెప్పాల్సిన మాట మింగేసినవాళ్లు బరువెక్కుతారు. జలుబు చేసినంత మామూలు. నిరుడు సైలస్ అనే ముసలాయన, దొరికిన గొర్రె ఎవరిదో చెప్పకుండా మంచం విరగ్గొట్టుకున్నాడు. చెప్పేశాడు, తేలికయ్యాడు. థర్జా కూడా ఎప్పుడో చెప్తుందిలే అనుకుని ఎవరూ అడగలేదు.

ఆమె మింగిన మాట చిన్నదేం కాదు. పెద్దకూతురు మహాలా, లీవై అనే కమ్మరి మీద మనసుపడింది. అతను మెథడిస్టు, వేరే శాఖవాడు. బయటివాణ్ణి, అదీ పాదిరి దగ్గర పెళ్లాడితే, మిత్రుల సభ అనే క్వేకర్ల సంఘం తన పుస్తకంలోంచి పేరు కొట్టేస్తుంది. థర్జానే ఉపాయం చెప్పింది.

"ముందు చేసేసుకో. తర్వాత తప్పయిందని కాగితం రాసి సభలో చదివించుకో. మూడు నెలలు మూతులు ముడుచుకుంటారు, అంతే."

బూడిదరంగు గౌను కుట్టింది. పెళ్లిరోజు పాదిరి ఇంటి బయట గుర్రం కళ్లెం పట్టుకుని తనే నిలబడింది.

వారం తిరక్కుండా సభ తరఫున ఇద్దరాడవాళ్లు ఇంటికొచ్చారు. "పెళ్లికి నీతో ఎవరొచ్చారు? మీ అమ్మకి తెలుసా?" అన్నారు. మహాలా తల్లి మొహం చూసింది. థర్జా మేజోడు అల్లుతోంది. సభలో పెద్దలు కూర్చునే ఎదురు బల్ల మీద ఆమెకి తొమ్మిదేళ్లుగా చోటుంది. తలెత్తకుండా కుట్లు లెక్కపెట్టుకుంది.

"ఒక్కదాన్నే వెళ్లాను. అమ్మకి తెలీదు" అంది మహాలా.

సామాన్లు అమ్ముకునేవాడు ఒకడు ఆ రోజు పాదిరి వాకిట్లో రెండు బోనెట్లు, ఆడవాళ్లు పెట్టుకునే గుడ్డ టోపీలు, చూశానన్నాడు. రెండోది ఎవరిదో వాడికేం తెలుస్తుంది, ఊళ్లో బోనెట్లన్నీ ఒకటే! మహాలా ఎంతడిగినా పేరు చెప్పలేదు. పెళ్లిని క్షమించేవాళ్లే. అబద్ధాన్ని క్షమించలేదు. "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని సభ కార్యదర్శి పెనినా అడిగింది. థర్జా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూతురి పేరు కొట్టేశారు.

ఏప్రిల్లో లీవై కాన్సాస్‌కి బండి బయల్దేరదీశాడు. అక్కడా మిత్రులున్నారు గానీ, ఇక్కడి సభ కాగితం లేకుండా వెళ్తే వాళ్లు కలుపుకోరు. మహాలాకి ఐదో నెల. అయినా సరే, ఏటి దగ్గర అటు వెళ్లే మిగతా బళ్లు సాయంత్రం దాకే ఆగుతాయి. అవి దాటితే మళ్లీ వచ్చే ఏడే.

"వంతెన దాకా వస్తా" అంటూ థర్జా బండెక్కింది.

సభ ఇంటి ముందుకొచ్చేసరికి చక్రాలు ఇరుసు దాకా బురదలో దిగిపోయాయి. లీవై పొయ్యి దింపాడు, నాగలి దింపాడు, దాగలి కూడా దింపాడు. ఎద్దులు మోకాళ్ల మీద పడ్డాయి.

"అత్తా, పొద్దున రొట్టె ఎన్ని ముక్కలు తిన్నావేంటి?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"నీకంటే రెండు తక్కువే."

థర్జా దిగలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఇంకో నాలుగు గంటలు ఇలాగే కూర్చుంటే చాలు, పిల్ల ఎక్కడికీ పోదు. ఆ ఆలోచన రాగానే లోపల హాయిగా అనిపించింది. వెంటనే సిగ్గేసింది. బండి ఇంకో అంగుళం దిగింది.

మహాలా పక్కకొచ్చి కూర్చుంది. కోపం లేదు గొంతులో.

"ఉండమని అడుగమ్మా, ఉంటాను. అంతేగానీ ఇలా నా మీద కూర్చోకు."

థర్జా అడగలేకపోయింది. దిగింది. బరువు మాత్రం బండిలోనే ఉండిపోయింది, బండి లేవలేదు. ఆమె కూర్చున్న పలక అలాగే వంగి ఉంది.

ఆ రోజు నెలసభ. లోపల ఆడవాళ్ల వైపు పెనినా ఏదో చదువుతోంది. థర్జా ఎదురు బల్ల దాకా వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"ఆ రెండో బోనెట్ నాది" అంది.

బయట బురద చక్రాన్ని వదిలిన చప్పుడు. "హోయ్! ఆగు, ఆగండెహె!" అని లీవై ఎద్దుల వెనక పరుగు. థర్జా అక్కడే మాట ఆపింది. బండీ ఆగింది.

ఇక్కడితో ఊరుకుంటే? బల్ల ఎలాగూ పోతుంది, పిల్లైనా దక్కుతుంది.

"ఇంకేమైనా ఉందా థర్జా?" అంది పెనినా, కలం పైకెత్తి.

లేదంటే నమ్మేస్తారు.

"ఉంది. పెళ్లి చేసుకోమన్నది నేనే. మీరడిగినప్పుడు అది నా మొహం చూసింది. నేను తలెత్తలేదు. అబద్ధం దాని నోటెంట వచ్చిందే గానీ, అది నాది."

చక్రాలు కదిలాయి. ఈసారి ఆగలేదు.

"మహాలా సంగతి మళ్లీ రాయాలి" అంది పెనినా మెల్లగా. "కాగితం కాన్సాస్‌కి పంపిద్దాం. నీ సంగతి వచ్చే నెల చూద్దాం."

థర్జా తలూపింది. "అమ్మా! అమ్మా!" అని మహాలా కేక, అప్పటికే వంతెన మీంచి. వెళ్తే అందుకోవచ్చు. ఒంట్లో బరువన్నదే లేదు, బూట్ల మడమలు నేలకి ఆనడం లేదు. తలుపులోంచి గాలి వచ్చి గౌను అంచు బండి వెళ్లిన వైపే లాగుతోంది. ఇంట్లో ఇంకా నలుగురు పిల్లలున్నారు, సాయంత్రం పాలు పితకాలి. థర్జా గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుంది.