ఒక్కసారే అడిగే మనిషి

బస్సు డిపోలో 'రిక్వెస్ట్' అనే మాటకు ఒక మర్యాద ఉండేది. సెలవు కావాలన్నా, రూటు మార్చాలన్నా మేనేజరు గది గుమ్మంలో నిలబడి "సార్, ఒక రిక్వెస్ట్" అని ఒక్కసారి చెప్పాలి. చెప్పి, బయట బల్ల మీద కూర్చోవాలి. పిలుపొస్తే పని అయినట్టు. రెండోసారి అడిగారో, ఉన్నదీ ఊడుతుంది. "రిక్వెస్ట్ అంటే బతిమాలడం కాదయ్యా" అనేవాడు ఆ మేనేజరు, తానేదో నిఘంటువు రాసినట్టు. డ్రైవర్లు చాలామంది చాటుగా నవ్వుకునేవాళ్లు. మన కథలోని డ్రైవరు మాత్రం ఆ మాటను ఒంటబట్టించుకున్నాడు. తోటివాళ్లు అతనికి 'మూగ హారను' అని పేరు పెట్టారు.

ఇంట్లోనూ అదే చట్టం. పెళ్లయిన కొత్తలో భార్య సినిమాకు వెళ్దామని రెండోసారి అడిగితే, "ఒకసారి విన్నాగా, నాకేం చెవుడు లేదు" అన్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. ఆ తర్వాత ఏదీ రెండోసారి అడగలేదు. ఎంత సర్దుకుపోయే మనిషో అని మురిసిపోయాడు, పిచ్చిమారాజు.

అతను రిటైరయ్యాక ఆవిడకు గుండె జబ్బు ముదిరింది. ఆస్పత్రిలో అద్దాల తలుపు వెనక గదిలో ఉంచారు. పొద్దున్నే అతను నర్సు దగ్గరికి వెళ్లి, "ఒక రిక్వెస్టమ్మా. ఆవిణ్ణి ఒకసారి చూడనిస్తారా?" అన్నాడు.

"డాక్టరుగారు వెళ్లగానే పిలుస్తా బాబాయ్, కూర్చోండి" అంది నర్సు.

కూర్చున్నాడు. డాక్టరు వెళ్లాడు. నర్సు ఇంకో మంచం దగ్గరికి పరుగెత్తింది. పక్కవాళ్లు గొడవపడి, గడ్డం పట్టుకుని బతిమాలి, లోపలికి వెళ్లొస్తున్నారు. ఇంత సిగ్గులేకుండా ఎలా అడుగుతారో అని అతనికి చిరాకేసింది. అయినా మనసు ఆగక లేచి నిలబడ్డాడు. మళ్లీ అడిగితే అసలుకే మోసం వస్తుందని భయపడి కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం నర్సు బయటికి వచ్చింది. ఆమె మొహం చూడగానే అతనికి అర్థమైపోయింది.

"పనిలో పడి మర్చిపోయాను బాబాయ్. ఇంకొక్కసారి అడక్కపోయారా?" అంటూ ఏడ్చేసింది.

అతను అద్దాల తలుపు వైపు అడుగేశాడు. "నా గురించి ఏమైనా అడిగిందా అమ్మా?"

"పొద్దున అడిగింది, మీరొచ్చారా అని. బయటే ఉన్నారు, పిలుస్తానన్నాను. తలుపు వైపే చూస్తూ పడుకుంది గానీ, పిన్ని మళ్లీ అడగలేదు."

అతను లోపలికి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కసారి నా వైపు చూడవే" అన్నాడు. మళ్లీ అన్నాడు. నర్సు వచ్చి భుజం మీద చెయ్యేసినా, అడుగుతూనే ఉన్నాడు.