పెద్ద సీసా, రెండో వైన్

ఫ్రాన్సులో ద్రాక్షతోటలకు పేరుపడ్డ మెడాక్‌లో ఇంటికి చుట్టం వస్తే వైన్‌ను గంట ముందే గాజు కూజాలోకి వంచి, ఖాళీ సీసాను పక్కన నిలబెడతారు. వచ్చినవాళ్లు కూర్చుంటూనే సీసా మీద పేరు చదువుకుంటారు. ఆ ఇంట్లో తమకెంత మర్యాదో వాళ్లకు అక్కడే తెలిసిపోతుంది. మ్యూరియెల్‌కు అసలే గొప్పల పిచ్చి. పైగా ఆ ఆదివారం భోజనానికి వస్తున్నది కూతురికి కాబోయే అత్తగారు ఒడెట్. ఆవిడ భర్త బతికినన్నాళ్లూ ఓ పేరుమోసిన వైన్ ఎస్టేట్‌లోనే పనిచేశాడు. అలాంటావిడకు ఏదిపడితే అది పోస్తే పరువేం కాను?

ఆ ఎస్టేట్‌కు పేరు తెచ్చిన పెద్ద వైన్ కొనే తాహతు వీళ్లకు లేదు. అదే తోటలో లేత తీగల పళ్లతో, పెద్దదానికి ఎంపిక కాని రసంతో చేసే రెండో వైన్ అయితే చేతికందుతుంది. మ్యూరియెల్ దాన్నే కొని కూజాలో పోసి, సీసాను చెత్తబుట్టలో ఉల్లితొక్కల కింద కుక్కింది. పాతికేళ్ల పెళ్లిరోజుకు కానుకగా వస్తే తాగి దాచుకున్న ఆ పెద్ద వైన్ ఖాళీ సీసాను తుడిచి కూజా పక్కన పెట్టింది. రెండోదేం పాపం చేసిందని భర్త రెజిస్ గొణిగితే, నోరు మూసుకుని మాంసం కోయమంది.

ఒడెట్ సీసా చూసి, నాకోసం ఇంత ఖర్చెందుకని మొహమాటపడింది. మీకు ఇంతకన్నా తక్కువది పోస్తామా అని మ్యూరియెల్ ఉబ్బిపోయింది.

ఒడెట్ ఒక గుక్క తాగింది. మళ్లీ వాసన చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమైందమ్మా అని పక్కనున్న ఆవిడ కొడుకు, కాబోయే అల్లుడు బస్త్యాన్ కంగారుపడ్డాడు.

"ఏం లేదురా. ఇది మీ నాన్న చేసిందేమో అనిపించింది." ఆవిడ మ్యూరియెల్ వైపు తిరిగింది. "మా ఆయన పెద్ద వైన్ జోలికి పోలేదు వదినగారూ. రెండోదానికి రసాలు పాళ్లుగా కలపడమే ఆయన పని. ఆరేళ్ల కిందటి పంట ఆయన ఆఖరిది. ఆ సీసాలు మా ఇంట్లో ఎప్పుడో అయిపోయాయి. ఇది అచ్చం అదే అనుకున్నా, చూడండి నా పిచ్చి. ఎదురుగా పెద్ద వైన్ సీసా ఉంటే! నాలుక చచ్చిపోయింది. ఆయన రుచి కూడా మర్చిపోయానన్నమాట."

గ్లాసు పక్కకు జరిపి మంచినీళ్లు అడిగింది.

మ్యూరియెల్ ముఖం మండిపోయింది. నోరు మెదపకపోతే పరువు నిలుస్తుంది. రెజిస్ తలెత్తకుండా మాంసం కోస్తున్నాడు, అతను చెప్పడు. కానీ తన గొప్ప కోసం ఒక ముసలావిడ మొగుణ్ని రెండోసారి పోగొట్టుకుంటోంది. మ్యూరియెల్ నీళ్లు పోసి, కూర్చుని, చివరికి బల్ల వైపు చూస్తూ అంది.

"మీ నాలుకకేం కాలేదు వదినగారూ. అది రెండోదే. ఆరేళ్ల కిందటిదే. నేనే సీసా మార్చి పెట్టాను."

కూతురు తల్లిని చూడలేక కిటికీ వైపు తిరిగింది. ఒడెట్ మాత్రం గ్లాసును రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. ఆవిడ ముఖంలో కోపం లేదు, ఎక్కడలేని సంతోషం.

"మరి దాని సీసా ఏది? ఒక్కసారి చూస్తాను."

"చెత్తబుట్టలో ఉంది" అంది మ్యూరియెల్.

ఒడెట్ కుర్చీ జరుపుకుని లేచి, తనే వంటింట్లోకి వెళ్లింది. ఆవిణ్ని ఆపడానికి మ్యూరియెల్‌కు ముఖం చెల్లలేదు.