పిడి లేని ఉలులు

జావా దీవిలోని మా జెపారాలో నగిషీ ఉలికి పిడి ఉండదు. ఉక్కు కడ్డీని వేళ్ళతో కిందికంటా పట్టుకుని, దాని నెత్తిన కొయ్యసుత్తితో కొడతాం. ఇక్కడ పాకే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. సెమరాంగ్‌ పట్నంలో పెరిగిన హర్యాదికి మాత్రం తెలియదు. మా అన్న కూతురు లాస్మిని కూడా మాలాగే నగిషీ చెక్కే పిల్ల, దానికి కాబోయే మొగుడతను.

పెళ్ళికి ముందు మగపెళ్ళివారు కొయ్య పళ్ళేల్లో కానుకలు తేవడం మా ఆచారం. ఆ పళ్ళేల్లో పెడతానని అతను నాకో పెట్టె తెచ్చి చూపించాడు. మఖమల్ గుడ్డ మీద తళతళలాడే ఉలులు, నున్నటి పిడులతో. నాకు నవ్వాగలేదు.

"గోడకి తగిలించుకోడానికి బావుంటాయి నాయనా," అన్నాను.

అతను చిన్నబుచ్చుకోలేదు. మంచివి నన్నే ఎంచిపెట్టమన్నాడు. అందరిలాగా నగ కొనక ఈ గోలెందుకని అడిగితే అసలు సంగతి చెప్పాడు. వాళ్ళమ్మ సుతినాది చేపల అప్పడాల వ్యాపారం. అత్తారింటికి వెళ్ళాక అప్పడాలు ఎండబెట్టడమే తన బతుకవుతుందని లాస్మిని బెంగ పెట్టుకుంది. తన ఉలులు ఎవరికివ్వాలా అని కూడా ఆలోచిస్తోందట.

"పెళ్ళయ్యాకా చెక్కుకోవచ్చని నేను నోటితో చెప్తే నమ్మట్లేదత్తా. మా అమ్మ ఎదురుగా పళ్ళెంలో పెడితే నమ్ముతుంది."

వాళ్ళమ్మకి ఈ సంగతి తెలుసా అంటే తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కాదంటే నిండు సభలో మా పిల్ల మొహం చిన్నబోతుంది. అయినా సరేనన్నాను.

ముందు లాస్మినికి ప్రాణమైన వంపు ఉలిని నేనే దొంగిలించాను. దాని వంపుని బట్టే కొత్తవి ఎంచాలి. లాస్మిని ఇల్లంతా తిరగేస్తూ తమ్ముణ్ణి తిట్టింది, పిల్లిని తిట్టింది. నేనూ దానితోపాటు బల్ల కింద దూరి వెతికాను.

కమ్మరి కర్మిది కొలిమి దగ్గర హర్యాదికి పాఠం మొదలుపెట్టాను. ఉలిని రాతి మీద వదలాలి, ఖంగుమనాలి. దబ్బుమంటే పనికిరాదని పక్కన పెట్టాలి. తర్వాత టేకుముక్కకి అడ్డంగా నొక్కి చూడాలి, పీచు లేవకుండా కోయాలి. మధ్యాహ్నానికి అతనే ఒక ఉలి మోత విని, ఇది వద్దత్తా అన్నాడు. కర్మిది మూతి ముడుచుకున్నాడు. నేను విని చూస్తే కుర్రాడిదే రైటు. నాకు భలే సంతోషమేసింది.

పళ్ళేల రోజు వచ్చింది. బాతిక్ బట్టలు, సబ్బులు, చెప్పులు, పళ్ళు అన్నీ అయ్యాక చివరి పళ్ళెం మీద గుడ్డ తీశారు. సుతినా ఒక ఉలి చేతిలోకి తీసుకుంది.

"ఇవేమిట్రా?"

"లాస్మినివమ్మా. మనింట్లో కూడా తను చెక్కుకుంటుంది," అన్నాడు హర్యాది. చెవులు కందిపోయాయి.

ఆవిడ కోడలివంక తేరిపార చూసింది. "ఎక్కడ కూర్చుని?"

ఉలిని తిరిగి పళ్ళెంలో పెడుతూ ఆవిడే అంది:

"వాకిట్లో కుదరదు. చెక్కపొట్టు నా అప్పడాల మీద పడితే ఊరుకోను. పెరటి వరండా ఖాళీ చేయిస్తా. పొద్దున వెలుతురు బావుంటుందక్కడ."

లాస్మినికి కళ్ళల్లో నీళ్ళు, మొహమంతా నవ్వు. కొత్త ఉలుల మధ్య తన పాత వంపు ఉలి కనబడగానే నావైపు తిరిగి, "దొంగత్తా," అంది. ఇంక ఆగలేదు. పెళ్ళికూతురి పట్టుబట్టల్లోనే చతికిలబడి, పళ్ళెంలోవన్నీ దింపి, ఆ పళ్ళేన్నే ఒళ్ళో పెట్టుకుంది. మా అన్న తన కొయ్యసుత్తి అందించాడు. పళ్ళెం అంచున ఆకు చెక్కడం మొదలైంది, పొట్టు చుట్టలు చుట్టుకుంటూ రాలింది.

"అమ్మాయ్, అది అద్దెకి తెచ్చిన పళ్ళెం," అంది సుతినా.

లాస్మిని చెయ్యి ఆగిపోయింది.

ఆవిడ దాని పక్కనే చాప మీద కూర్చుంది. "సగం ఆకుతో తిరిగిస్తే మన పరువేం కాను? పూర్తి చెయ్యి."