సిమెంటు పెట్టిన గోడ

ఆ పొద్దున ఆకాశం కొండ మీదికి కుంగి, తడిసిన గొర్రెబొచ్చులా కదలకుండా ఉంది. సాయంత్రం ఉత్తరపు గాలి మొదలైతే రాత్రికి గడ్డ కట్టే చలి తప్పదు. నేను ఇంటి ముందు నిలబడి గోడను చూస్తున్నాను.

రెండువందల ఏళ్ళ రాతి ఇల్లు. మధ్యలో తలుపు, అటు రెండు కిటికీలు, ఇటు రెండు, తలుపుకు పైన గోడలో అయిదోది. అయిదోది ఉత్తుత్తిది. అందం కుదరాలని కట్టినవాళ్ళు రాతి మీదే అద్దాలు గీయించారు. ఏటా వసంతంలో నా భార్య హెస్టర్ నిచ్చెనెక్కి వాటికి నల్లరంగు వేసేది. ఆమె పోయి తొమ్మిదేళ్ళు. రంగు వెలిసింది.

తలుపుకు ఎడమపక్క గోడ పొట్టలా ఉబ్బింది. తప్పు నాదే. హెస్టర్ దగ్గుతో మంచం పట్టిన ఏడాది, చలిగాలి రాకూడదని రాళ్ళ సందుల్లో సున్నం గీకేసి సిమెంటు కూరాను. లోయ అవతల రాతిపని చేసే మా అన్న నెడ్ అప్పుడే చెప్పాడు: "సున్నమైతే తడి బయటికి పోతుందిరా. సిమెంటుతో మూసేస్తే రాయి లోపలే కుళ్ళుతుంది."

"నీ ఇల్లు నువ్వు చూసుకో" అన్నాను. అంతే, మాటల్లేవు. హెస్టర్‌ను సాగనంపిన రోజు కూడా చర్చిలో అటు బల్ల మీద అతను, ఇటు నేను.

గోడ పడితే నేను పట్నంలో ఏదో గదిలో బతకాలి. నిన్న పాలబండి అతనితో నెడ్‌కు కబురు పంపాను.

నెడ్ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. సుత్తితో తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఈ సిమెంటు ఎవడు పెట్టాడ్రా?"

"ఎవడో వెధవ."

"పేరుందా వాడికి?"

"నీ తమ్ముడు."

"ఆఁ, విన్నాన్లే వాడి సంగతి." ఉలి నా చేతిలో పెట్టాడు. "గీకు. పైనుంచి."

మధ్యాహ్నం దాటేదాకా గీకాను. సందుల్లోంచి నీళ్ళు కారాయి. నెడ్ గోడకు దుంగలు ఆనించాడు.

"పడదు. లోపల అడ్డంగా వేసిన కట్టురాళ్ళు ఇంకా పట్టుకునే ఉన్నాయి. ఈ చలికి సున్నం పట్టదు, ఏప్రిల్లో పెడదాం. అప్పటిదాకా గోనెలు కప్పు." తల పైకెత్తాడు. "ఆ కిటికీకి రంగెవరేస్తున్నార్రా?"

"ఎవరూ లేరు."

నెడ్ సుత్తి సంచీలో వేసుకున్నాడు. గోనెలు ఇద్దరం కలిసి కప్పాం.

లోపల పొయ్యి మీద మాంసం, బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. అలమారలోంచి రెండో పళ్ళెం తీశాను. దుమ్ము పట్టి ఉంది. చొక్కా కొసతో తుడిచి అతని ముందు పెట్టాను. నెడ్ రొట్టె విరిచి సగం నావైపు తోశాడు. తిన్నాం.