ఏం గాలే

జొన్నపిండిలో పోసిన వేడినీళ్లు ఇంకా పొగలు కక్కుతుండగానే శంకరమ్మ అందులో చెయ్యి పెట్టింది. పన్నెండు రోజులుగా పిండి ముట్టలేదు కదా, మంట తగ్గి ఉంటుందనుకుంది. తగ్గలేదు. మణికట్టు దగ్గర మొదలై వేళ్ల సందుల్లోకి పాకింది. ఆమె పెదవి కూడా కదపకుండా పిండి మెదిపి, ముద్ద చేసి, పీట మీద రొట్టె తట్టింది. రొట్టెలు తట్టే వెడల్పాటి కట్టె పళ్లెం, ఆమె పరాతు, పనిచేసే హాస్టల్లో ఉండిపోయింది.

రొట్టె మాత్రం అంచు చీలకుండా గుండ్రంగా వచ్చింది. పెనం మీద వేసి, పైన తడిచెయ్యి రాసి, ఎప్పటిలాగే వేళ్లతోనే తిప్పింది. చిమటాతో పట్టి తిప్పడం ఆమె దృష్టిలో పని రానివాళ్ల పని. ఊరి చివర చిద్రిలో ఉండే ఆ ఒంటిగది ఇంట్లో వినేవాళ్లు ఎవరూ లేకపోయినా, "చేతులు మంచిగనే ఉన్నయి" అని పైకే అనుకుంది. రొట్టెను గుడ్డలో చుట్టుకుని తలుపుకు గొళ్లెం పెట్టింది.

చేతులు మంచిగా లేవు. మణికట్టు నుంచి కణుపుల దాకా చర్మం ఎండి పొరలు లేచింది, సందుల్లో సన్నగా పగిలింది. ఎడమచేతి వెనక రూపాయి బిళ్లంత మేర రంగు వెలిసింది. వేళ్ల కొసలు పెనం సెగకు కొమ్ములా గట్టిపడ్డాయి. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ముఖం చూస్తే అంతకంటే తక్కువగానూ, చేతులు చూస్తే ఎక్కువగానూ అనిపిస్తుంది.

సర్కారు ఆడపిల్లల హాస్టల్లో పందొమ్మిదేళ్లుగా రొట్టెలు చేస్తోంది. అరవైమంది పిల్లలు, రెండు పూటలు. పన్నెండు రోజుల కింద ఒక పిల్ల తల్లి చూడటానికి వచ్చి, వడ్డిస్తున్న చేతి మీద ఆ తెల్లమచ్చ చూసి, పళ్లెం దూరంగా జరిపింది. సాయంత్రానికి హాస్టలంతా 'పెద్దరోగం' అనే మాట గుసగుసగా తిరిగింది. కుష్ఠు అని నోరారా అనడానికి అక్కడ అందరికీ భయమే. వార్డెన్ జయమాలాబాయి శంకరమ్మను గదిలోకి పిలిచి, గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడింది.

"డాక్టర్ సర్టిఫికెట్ తే. ఆ రోగం కాదని రాసి ఉండాలె. అప్పటిదాంక సెలవు పెట్టు."

ఆ సెలవు ఈ రోజుతో అయిపోతుంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. వంటవాళ్లను పర్మనెంటు చేసే పేర్ల పట్టీ ఈ సాయంత్రం ఐదింటికి జిల్లా ఆఫీసుకు వెళుతుంది. ఐదులోగా సర్టిఫికెట్ వస్తే రొట్టెల పని దగ్గర శంకరమ్మ పేరు రాస్తారు. రాకపోతే ఆమె బదులు చేస్తున్న కాశీబాయి పేరు. పందొమ్మిదేళ్లు రోజుకూలీ లెక్కన చేసిన మనిషికి ఆ పట్టీలో పేరంటే ఏమిటో వేరే చెప్పాలా?

దవాఖానలో చర్మరోగాల డాక్టరు వచ్చేది గురువారం ఒక్కరోజే. పోయిన వారం రానే లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు జీపులో ధన్నూర క్యాంపుకు వెళ్లిపోతాడు. శంకరమ్మ పోయేసరికే వరండా అంతా జనం. ఆమె చేతులు కొంగులో దాచుకుని గోడవారగా కూర్చుంది. ఆమె కూర్చోగానే పక్కనున్న ముసలాయన కొంచెం జరిగాడు. ఆయన మెడనిండా గజ్జి ఉంది. అయినా జరిగాడు.

పన్నెండున్నరకు నర్సు హేబ్సిబా పేరు పిలిచింది. ముప్పై ఐదేళ్లుంటాయి, తెలుగు మనిషి, గట్టిగా మాట్లాడినా విసుక్కోదు. డాక్టరుది మైసూరు వైపు, తెలుగు రాదు. వయసులో చిన్నవాడు. మచ్చను వెలుతురులోకి తిప్పి చూసి, కళ్లు మూసుకోమన్నాడు. గుండుసూది తీసి మచ్చ మీద పొడిచాడు.

"నొప్పి తెలుస్తుందా అని అడుగుతున్నరు" అంది హేబ్సిబా.

తెలియకేం? చురుక్కున మోచేతి దాకా పోయింది. కానీ శంకరమ్మకు ఇలాంటి పరీక్షలు కొత్త కాదు. పందొమ్మిదేళ్ల వయసులో కాన్పు నొప్పులప్పుడు అత్త నోట్లో గుడ్డ కుక్కితే అరవకుండా ఓర్చుకుంది. ఆ బిడ్డ దక్కలేదు గానీ, కోడలు గట్టిదన్న పేరు మాత్రం ఊరంతా పాకింది. మరుగుతున్న నూనె పాదం మీద పడినరోజు కూడా సాయంత్రం రొట్టెలు చేసింది. ఏమైందని ఎవరడిగినా ఆమె జవాబు ఒకటే. ఆ జవాబుకే మెప్పు దొరికేది, ఆ జవాబుకే పని నిలిచేది. పైగా ఇప్పుడు నిరూపించాల్సింది రోగం లేదనే కదా. రోగం లేని చేతికి నొప్పి ఎందుకుంటుంది?

"ఏం గాలే అయ్యా" అంది.

డాక్టరు మళ్లీ పొడిచాడు, ఇంకొంచెం లోతుగా.

"ఏం గాలే."

సూదిమొన దగ్గర రక్తం చుక్క లేచింది. డాక్టరు ముఖం మారింది. కాగితం తీసుకుని గబగబా ఇంగ్లీషులో ఏదో రాసి హేబ్సిబా చేతికిచ్చి, తరవాతి మనిషిని పిలవమన్నాడు. పరీక్ష బాగా రాశానన్న సంబరంతో శంకరమ్మ రెండు చేతులూ జోడించి బయటికి వచ్చింది.

హేబ్సిబా ఆమె వెనకే వచ్చింది. వరండా చివర, కుళాయి దగ్గర నిలబెట్టి గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, సూది పొడిస్తే నిజంగనే తెల్వలేదా?"

శంకరమ్మ కొంచెం గర్వంగానే నవ్వింది. "తెల్వకేం సిస్టరమ్మా? పాణం పోయింది. ఓర్సుకున్న."

హేబ్సిబా గోడకు ఆనుకుంది. "ఎంత పని చేస్తివక్కా. నొప్పి తెల్వకుంటెనే అది పెద్దరోగం. తెలిస్తె కాదు. సార్ ఈ కాయితంల అదే రాసిండు. పెద్దరోగం అనుమానమని, పనిల పెట్టుకోవద్దని."

శంకరమ్మ కుళాయి అరుగు మీద కూర్చుని తన చేతుల వంక చూసుకుంది. జీవితమంతా ఏ మాట ఆమెను నిలబెట్టిందో ఆ మాటే ఇవాళ కాగితం మీద రోగమై కూర్చుంది. బయట డ్రైవరు జీపు తుడుస్తున్నాడు. లోపల గడియారం పన్నెండూ ముప్పావు చూపిస్తోంది.

"ఇంకోపాలి సూడుమని చెప్తవా? నీ కాల్మొక్త."

"చెప్త. కానీ నేను నేర్పిన అనుకుంటడు. ఈసారి నిజం చెప్పు. ఉన్నదున్నట్టు, ఎక్కువ గాదు తక్కువ గాదు."

డాక్టరు నిజంగానే అలా అనుకున్నాడు. చేతులు కడుక్కుంటూ, ఇప్పుడు ముట్టుకోకపోయినా నొప్పి అంటుందని హేబ్సిబాతో అన్నాడు. ఆమె బతిమాలింది. అతను గడియారం చూసుకుని, కుర్చీ లాక్కుని, శంకరమ్మ కళ్లకు గుడ్డ కట్టించాడు. తగిలినప్పుడే చెప్పాలి, తగలనప్పుడు ఊరుకోవాలి.

చీకట్లో శంకరమ్మకు తన గుండె చప్పుడే వినిపించింది. చాలాసేపు ఏమీ తగల్లేదు. నొప్పి అనెయ్యాలని నాలుక చివరి దాకా వచ్చింది. ఆగింది. జీపు మోత మొదలైంది. ఇంకా ఏమీ తగల్లేదు. అతను వెళ్లిపోయాడేమో, తాను ఒంటరిగా గుడ్డ కట్టుకుని కూర్చుందేమో అనిపించి చెమట పట్టింది.

అప్పుడు మచ్చ మీద సూది దిగింది.

"అబ్బా" అంది శంకరమ్మ. ఆ మాట తన గొంతులోంచి రావడం ఆమె ఎప్పుడూ విననే లేదు. సిగ్గేసింది. మళ్లీ దిగింది. "నొస్తాంది." దూదితో రాశాడు. "మెత్తగ తగిలింది." ఊరుకున్నాడు. ఆమె కూడా ఊరుకుంది. వేలికొస మీద పొడిచినప్పుడు మాత్రం ఆమెకు ఏమీ తెలియలేదు, ఏమీ అనలేదు. డాక్టరు ఆగిపోయాడు. అక్కడ పెనం మీద రొట్టె తిప్పీ తిప్పీ కాయలు కాశాయని హేబ్సిబా చెప్పింది. అతను ఆ కొసలు నొక్కి చూశాడు, మోచేతి నరం తడిమాడు, గుడ్డ తనే విప్పాడు. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. నొప్పికి కాదు. ఒక్కసారి నోరు తెరిచాక మూసుకోవడం చేతకాలేదంతే.

డాక్టరు గొంతు మెత్తబడింది. ఈ మంట ఎప్పటినుంచి అని అడిగించాడు.

నిజమే తనను గెలిపించిందని శంకరమ్మకు అర్థమైపోయింది. ఇక దాచేదేముంది? ఒకటడిగితే మూడు చెప్పింది. ఆరేండ్ల సంది మండుతాంది. పిండిల చెయ్యి పెడితె మిరపకాయ పూసినట్టయితది. తడి తగిలినా అంతే, పొయ్యి సెగ తగిలినా అంతే. చలికాలం రొట్టె తడితె నెత్తురొస్తది, ఎవరూ చూడకుండ తుడుస్త. ఆ మాటలన్నీ ఆరేళ్లుగా వరసలో నిలబడి ఉన్నట్టు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. డాక్టరు తలూపుతూ విన్నాడు. జాలిపడ్డాడు. పాత కాగితం చింపేసి కొత్తది తీశాడు. పైన మైసూరు రాష్ట్రం అని అచ్చయి ఉన్నచోట ఇంకుతో కొట్టేసి కర్ణాటక అని ఎవరో రాసి పెట్టారు. దాని మీద మూడు లైన్లు రాసి, ముద్ర వేసి, పూతమందు ఇచ్చి జీపెక్కాడు.

హేబ్సిబా నిలబడే మొదటి లైను చదివింది. "పెద్దరోగం కాదు, ఎవ్వరికీ అంటుకోదు అని రాసిండక్కా." ఇంతలో వార్డులోంచి ఎవరో కేకేశారు. కాగితం మడిచి శంకరమ్మ చేతిలో పెట్టింది.

శంకరమ్మ గుడ్డ విప్పి రొట్టె తీసి, ఇవ్వబోయి, తన చేతులు గుర్తొచ్చి ఆగింది. హేబ్సిబా తనే సగం తుంచుకుని నోట్లో పెట్టుకుని, నములుతూ వార్డులోకి పరుగెత్తింది. శంకరమ్మ మిగిలిన సగం దారిలో నడుస్తూ తింది. పన్నెండు రోజుల్లో ఆకలి వేసింది ఆ పూటే.

దవాఖాన నుంచి అంత దూరం నడిచి హాస్టలుకు చేరేసరికి నాలుగు దాటింది. వంటగదిలో కాశీబాయి రొట్టెలు తడుతోంది. భర్త పోయిన పిల్ల, చేతుల్లో ఇంకా వేగం లేదు. పక్కన చీలిన రొట్టెలు నాలుగైదు పడున్నాయి. శంకరమ్మ పరాతే అది. ఔరాద్ పక్క పుట్టినింటి నుంచి తెచ్చుకుంది.

జయమాలాబాయి బల్ల మీద పట్టీ సిద్ధంగా ఉంది. ఒక్క గడి ఖాళీ. కాగితం విప్పి మొదటి లైను చదవగానే ఆమె ముఖం తేటపడింది. "దేవుడు సల్లగ సూసిండు. గడప అవుతలెందుకు, లోపలికి రా" అంది. కలం తీసుకుంది. తరవాత రెండో లైను చదివింది. మూడో లైను రెండుసార్లు చదివింది. కలం కింద పెట్టింది.

"ఆరేండ్ల సంది మండుతాందని నువ్వే చెప్పినవా?"

"డాక్టర్‌సాబ్ అడిగిండు బాయీ. చెప్పిన."

"పిండి, తడి, పొయ్యి సెగ ఇగ ఎన్నడూ తగలొద్దని రాసిండమ్మా. వంటపని చెయ్యరాదని రాసిండు."

శంకరమ్మ నిలబడే ఉంది. "మందిచ్చిండు బాయీ. పూసుకుంట చేస్త."

"ముద్రేసిన కాయితం. దీన్ని పక్కకు పెట్టి నీ పేరు రాస్తె రేపు నన్నడుగుతరు." జయమాలాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. "ఊడ్చి కడిగే పని ఇద్దామంటె దాంట్ల కూడా నీళ్లే. ఎందుకు చెప్పినవ్ శంకరమ్మా?"

నాలుగూ నలభైకి జయమాలాబాయి ఖాళీ గడిలో కాశీబాయి పేరు రాసింది. రాస్తున్నంతసేపూ తలెత్తలేదు. శంకరమ్మకు లోపల ఎక్కడో సూది దిగింది, వేలికొసల కాయలున్న చోట కాదు, అవి లేని చోట. నొప్పి తెలుస్తుందా అని అక్కడెవరూ అడగలేదు. అడిగితే ఈసారి కూడా నిజమే చెప్పేది.

వంటగదిలోకి వెళ్లి మేకుకున్న పాత చీర, తమలపాకుల డబ్బా తీసుకుంది. కాశీబాయి లేచి నిలబడి, పరాతు ఖాళీ చేసి ఇవ్వబోయింది.

"ఉండనియ్యి. అరవైమంది పిల్లలు. పీట మీద ఏం జేస్తవు?" అని శంకరమ్మ చీలిన రొట్టెల వంక చూసింది. "నీళ్లు ఇంక వేడి గావాలె. చల్లారెదాంక ఆగకు. పిండి అప్పుడే సాగుతది."

"చెయ్యి కాల్తలేదా అక్కా?"

"కాల్తది" అంది శంకరమ్మ. అలా అనడానికి ఇప్పుడు కష్టం కాలేదు.

ఐదింటికి ప్యూను పట్టీ తీసుకుని సైకిలెక్కాడు. ఆ వెనకే ఆమె కూడా గేటు దాటి, ఔరాద్ బస్సు దొరికే వైపు నడిచింది. తమ్ముడింటికి. ఎప్పుడొస్తావని కాశీబాయి అడగలేదు.

పొయ్యి మండుతోంది. కాశీబాయి నీళ్లు మరిగించి, పిండిలో చెయ్యి పెట్టి, అబ్బా అని వెనక్కి తీసి, చుట్టూ చూసి మళ్లీ పెట్టింది. ఈసారి రొట్టె చీలలేదు. అయితే ఆమెది చిన్న చెయ్యి. శంకరమ్మ పందొమ్మిదేళ్ల తట్టుడుకు పరాతు నడుమ పడ్డ పల్లంలో రొట్టె పరుచుకున్నా, చుట్టూ రెండు వేళ్ల జాగా ఇంకా మిగిలే ఉంది.