చెమట గుడ్డ

నంద్యాల బియ్యం మిల్లు కళ్లంలో ఆరబోసిన వడ్లను పాదాలతో పాయలు తీస్తూ లూదియా నడుస్తూనే నిద్రపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. కాళ్లు మాత్రం వాటంతటవే వెళ్లి గోడకు కొట్టుకున్నాయి.

"ఏందమ్మే, రేత్రి సినిమాకు పోయింటివా?" పక్క చాలులోంచి నవ్వింది లింగమ్మ.

"నా కూతురు సూపిస్తాంది, దినామూ," అంది లూదియా.

మమతకు షుగరని తెలిసింది మూడేళ్ల కిందట, రెండువేల సంవత్సరంలో. అప్పుడు పిల్లకు ఆరేళ్లు. పూటపూటా సూది. ఫ్రిజ్జు లేని ఇల్లు కాబట్టి మందు సీసా తడి ఇసుక కుండలో ఉంటుంది. సూదికి భయం లేదు, భయమంతా రాత్రిదే. నిద్రలో షుగరు పడిపోతే పిల్ల అరవదు. చల్లటి చెమట పట్టి ఊరుకుంటుంది. వెంటనే లేపి బెల్లం నీళ్లు తాగించకపోతే ఇక లేవదు. అందుకే లూదియా తన కొంగు పిల్ల మణికట్టుకు కట్టుకుని, కునుకు తీయకుండా పడుకునేది.

నిద్రంటే ఏమిటో కర్రోడు వచ్చాకే మళ్లీ తెలిసింది. మిల్లు గేటు దగ్గర దొరికిన నల్ల కుక్కపిల్ల అది. ఒక రాత్రి మమత మెడ నాకి కుయ్యోమంది. చూస్తే పిల్ల తడిసి ముద్దయింది. లూదియాకు ఆలోచన తట్టింది. అప్పటినుంచి అలాంటి చెమటను పాత పరికిణీ ముక్కతో తుడిచి, హార్లిక్స్ సీసాలో పెట్టి మూత బిగించేది. తీరిక దొరికితే మూత తీసి సీసాను బట్టల మూటలోనో కట్టెల సందునో దాచేది. కర్రోడు దాన్ని కనిపెట్టి, వచ్చి ఆమె భుజం మీద కాలేస్తేనే కార్జం ముక్క. ఊరికే తోకాడిస్తే ఏమీ లేదు. నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాత ఎన్ని రాత్రులు ఆ పంజా ఆమెను లేపిందో!

ఆ కుక్కను తమ్ముడు యాకోబు అడిగాడు. ఆళ్లగడ్డ పక్క వేరుశనగ బుడ్డల చేన్లను పందులు తవ్వుతున్నాయట. "మూడు రేత్రులేక్కా. నేనే తెచ్చి ఇడుస్తా." భర్త పోయాక పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తినవాడు. కాదనలేకపోయింది. పక్షం గడిచింది.

ఆ సాయంత్రం ఇంటికొస్తే అరుగు మీద యాకోబు ఉన్నాడు. ఒంటిమీద ఖాకీ చొక్కా, కాళ్లకు కొత్త చెప్పులు. కుక్క లేదు.

"కర్రోడేడిరా?"

"నీళ్లియ్యిక్కా ముందు."

"కర్రోడేడి?"

చూపు తిప్పుకుని చెప్పాడు. చేనూ లేదు, పందులూ లేవు. ఒక పెద్ద రైతు కాపలా కుక్క కావాలన్నాడు. ఇచ్చినందుకు జీపు డ్రైవరుగా పెట్టుకున్నాడు.

"ఇంగోటి తెస్తాలే, కుక్కలకేం కరువా? అదీ మంచిది కాదుక్కా. ఆ రైతు నాయన మంచమెక్కి మొగం నాకిందంట. పోయి కోడలి భుజం మీద కాలేసిందంట. తరిమినా మళ్లా వచ్చె. పిచ్చి లేసిందని కట్టె తీసుకోని కొట్టిరి. ఆడనే పాయ."

లూదియా చెంబు కింద పెట్టింది. "ముసలాయప్పకు షుగరుందా?"

"మాత్రలేస్తాండె. తెల్లారి లేయలేదు. నిద్దట్లో పాయ, పున్నాత్ముడు అనిరి అందరూ."

"నువ్వు యాడుంటివి?"

"జీపులో పండుకోనుంటి."

"దాని అరుపు వింటివా?"

"వింటి."

"అదెందుకు అరుస్తాదో నీకు తెలుసు గదరా."

"సెప్తే, రోగం పిల్లకు కావలున్న కుక్కను ఎట్ల తెస్తివిరా అని అడుగుతారు గదక్కా. నౌకరీ..."

"నీళ్లు తాగి పో," అంది లూదియా. అతను తాగకుండానే లేచాడు.

దీపం తగ్గించి, కొంగు చివరను మమత మణికట్టుకు రెండు ముళ్లు వేసింది.

"కర్రోడు ఎప్పుడొస్తాడు మా?"

"పండుకో."

వాడు తిరిగొచ్చాక పాఠం మరవకుండా చూపిద్దామని మొన్న రాత్రే తుడిచి దాచిన గుడ్డ, గూట్లో హార్లిక్స్ సీసాలో, వాసన పోకుండా బిగించిన మూత కింద ఇంకా తడిగానే ఉంది.